సున్నితం అద్దానిదా, చేతులదా?

మొన్నామధ్య ఒక సదస్సుకి వెళ్ళాను. చేతివృత్తులూ స్త్రీలూ అన్న అంశం మీద. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక చిన్న అద్దాల పర్సు ఇచ్చారు. నేను గౌరవించే ఒక పెద్దాయన మాట్లాడుతూ (పేరెందుకు, ఆయన ఒక్కడి మాట కాదది), కాగితమంత పల్చటి అద్దాన్ని కత్తెరతో గుండ్రంగా కోయటం స్త్రీల సున్నితమైన వేళ్ళకి ప్రకృతి ఇచ్చిన వరం అన్నాడు. మగవాడి మొరటు చేతిలో అది పగిలిపోతుందన్నాడు. హాలంతా చప్పట్లు. ఉన్నవాళ్ళలో ఎక్కువమందిమి స్త్రీలమే. నేనూ కొట్టాను. బస్సులో ఇంటికొస్తూ పర్సు మీది అద్దంలో నా ముఖం నాలుగు ముక్కలుగా కనబడుతుంటే గానీ నేను దేనికి చప్పట్లు కొట్టానో నాకు తెలిసిరాలేదు. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

ఎందుకు సిగ్గంటే, నాకు ఆ పని గురించి తెలుసు. చదివి తెలుసుకున్నది కాదు. మూడేళ్ళపాటు కిషన్‌బాగ్‌లో అద్దెకుండి కళ్ళతో చూసిన పని అది.

కిషన్‌బాగ్ అంటే మూసీకి దక్షిణాన, జూపార్కుకి దగ్గర్లో ఉన్న పాతబస్తీ. "అక్కడెందుకుంటున్నావు?" అని స్నేహితురాళ్ళు అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నలో 'అక్కడ' అన్న మాట మీద పడే ఒత్తు గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు. పిహెచ్‌డి ఫెలోషిప్పు అయిపోయి గెస్ట్ లెక్చరర్ జీతం మీద బతుకుతున్న దాన్ని, అద్దె తక్కువని ఉన్నాను. కింది వాటాలో ఉండే ఆవిణ్ణి గల్లీలో అందరిలాగే నేనూ 'ఆపా' అనేదాన్ని. లాడ్‌బజారుకి వెళ్ళే లక్క గాజులకి నగ్ ఎక్కించటం ఆవిడ పని. గాజు వేడి మీదుండగానే చిమ్టాతో ఒక్కొక్క రాయీ, ఒక్కొక్క పూసా, ఒక్కొక్క అద్దంముక్కా వరసగా కూర్చాలి. ఇప్పుడు అద్దంముక్కలు చాలావరకు ముందే కోసి, పొట్లాల్లో వస్తాయి. కానీ పెళ్ళిళ్ళ రోజుల్లో ఆకు ఆకారంలోనో, కన్నీటిచుక్క ఆకారంలోనో కావాలని ఆర్డరొస్తే పొట్లంలోవి పనికిరావు. అప్పుడు పల్చటి అద్దం పలకలు ఇంటికొస్తాయి. ఆపా పాత కత్తెర తీస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే 'సున్నితం' అన్న ఒక్క మాట కింద దాన్నంతా పూడ్చేస్తున్నారు. పక్కన గిన్నెలో నీళ్ళుంటాయి. ప్రతి కోతకీ కత్తెర ముంచాలి. తడి ఉంటే గాజుపొడి ఎగిరి కంట్లో పడదు, అంచు పెళుసుగా విరగదు. బట్ట కోసినట్టు ఒక్క కోతతో కోయటానికి లేదు. కత్తెర కొనతో కాదు, లోపలి మూలతో, కొంచెం కొంచెం కొరికినట్టు కోయాలి. కత్తెర కదలదు, అద్దమే తిరుగుతుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు దాన్ని పట్టుకునీ పట్టుకోనట్టు పట్టుకుంటాయి. బిగిస్తే పగులుతుంది, వదిలిస్తే జారుతుంది. అద్దం ఎటు విరగాలనుకుంటుందో చప్పుడుని బట్టి తెలుస్తుందనేది ఆపా. నాకు ఆ చప్పుళ్ళన్నీ ఒక్కలాగే వినబడేవి. కోసిన ముక్క అంచుని పెంకు మీద తడిపెట్టి రుద్దుతుంది, లేకపోతే పెట్టుకునేవాళ్ళ చర్మం గీరుకుంటుంది (కోసేవాళ్ళ చర్మం లెక్కలోకి రాదు). కరెంటు దీపం కింద ఈ పని చేయలేరు. వాకిట్లో ఎండ ఉన్నంతసేపే. ఎండ అద్దం మీద పడి కళ్ళల్లోకే కొడుతుంది. పని అయ్యాక తడిబట్టతో నేల మూడుసార్లు తుడిచి, గోధుమపిండి ముద్దతో అద్దుతూ కంటికి కనిపించని పెచ్చులు ఏరితే గానీ పిల్లల్ని లోపలికి రానివ్వదు. ఈ తుడవటం, ఏరటం కూలీలో లేవు. పగిలిన ముక్కకి కూలీ లేదు సరే, మాల్ పాడుచేసినందుకు కోత కూడా ఉంది.

ఒకసారి నేను ప్రయత్నించాను. మొదటి ముక్క మూడు ముక్కలయింది, నా వేలు కూడా తెగింది. రెండోది నలిగింది. ఆపా పగలబడి నవ్వి, "తుమారే హాథ్ బీ తో ఔరత్ కేచ్ హై నా!" అంది. నీవీ ఆడదాని చేతులే కదా, మరేం? ఆ పెద్దాయన వాదనకి జవాబు ఆవిడ అప్పుడే ఇచ్చేసింది, నాకే అర్థం కావటానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఆపా మరిది ఆటో నడిపేవాడు. కాలు విరిగి ఇంట్లో పడున్న రోజుల్లో ఊరికే కూర్చోలేక వదిన పక్కన కత్తెర పట్టుకున్నాడు. మొదట్లో చాలా పాడుచేశాడు. నాలుగు నెలలయ్యేసరికి అతను కోసినవేవో ఆవిడ కోసినవేవో నాకు తేడా తెలిసేది కాదు. మొరటు చేతులే, గేరు పట్టుకుని కాయలు కాసిన చేతులే. కాలు బాగవగానే మళ్ళీ ఆటోకి వెళ్ళిపోయాడు. ఎందుకని అడిగితే, "ఆ పైసలకి మగోడు కూసుంటడా అక్కా?" అన్నాడు. అద్దాన్ని స్త్రీల దగ్గరికి చేర్చింది ప్రకృతి కాదు, ఆ కూలీ రేటు.

డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో రాసిన ఒక వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటారు. ఎలక్ట్రానిక్స్, బట్టల ఎగుమతి ఫ్యాక్టరీలు ఆడపిల్లల్నే ఎందుకు ఏరికోరి తీసుకుంటాయని అడిగి, చురుకైన వేళ్ళు పుట్టుకతో రావని వాళ్ళు తేల్చారు. కుట్టూ అల్లికా పేరుతో ఇళ్ళల్లో చిన్నప్పట్నించీ అమ్మాయిలకి ఇచ్చిన శిక్షణే అది. కానీ ఆ శిక్షణ ఇంట్లో, అమ్మ చేతికింద జరిగింది కాబట్టి దానికి సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి దాన్ని నైపుణ్యం అనరు, స్వభావం అంటారు. నైపుణ్యానికి వెల కట్టాలి. స్వభావానికి కట్టనక్కర్లేదు. ఆపా ఎనిమిదేళ్ళ వయసు నించి తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది. పగిలిన ప్రతి ముక్కకీ ముంజేతి మీద ఒక దెబ్బ. ఆ దెబ్బలన్నిటినీ 'ప్రకృతి ఇచ్చిన వరం' అంటే ఎలా?

ఇదే అద్దం మగవాళ్ళ చేతుల్లో ఉన్నచోట ఏమైందో చూడండి. వెనిస్ నగరం 1291లో గాజు కొలుములన్నిటినీ మురానో దీవికి తరలించింది. తర్వాతి కాలంలో అక్కడి అద్దాల పనివాళ్ళు తమ విద్యతో దేశం దాటి పోకుండా శిక్షలు పెట్టింది. ఫ్రాన్సులో కోల్‌బెర్ 1665లో రాజుగారి అద్దాల కర్మాగారం పెట్టించి, ఆ పనివాళ్ళని డబ్బు ఆశ చూపి రప్పించాడు. 1684కి వెర్సాయ్‌లో 357 అద్దాల మహలు తయారైంది. రెండు రాజ్యాలు కొట్టుకున్నాయి ఆ చేతుల కోసం! ఆ చేతుల్ని సున్నితమైనవి అని ఎవరూ అనలేదు. విద్య అన్నారు, రహస్యం అన్నారు, ఆస్తి అన్నారు. అయితే ఆ పనివాళ్ళ బతుకూ పూలబాట కాదు. పాదరసం పూసి పూసి వణుకుడు జబ్బు తెచ్చుకున్న మురానో మనుషులు తాము చేసిన అద్దాల్లోనే తమ రోగాన్ని చూసుకోలేక ముఖం చిట్లించుకునేవారని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో వృత్తిరోగాల మీద రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. కనీసం వాళ్ళ జబ్బుని ఒక వైద్యుడు రాసుకున్నాడు. ఆపా కళ్ళ గురించి ఎవరు రాశారు?

మన దేశంలో ఈ పల్చటి అద్దానికి పేరుపడ్డ ఊరు గుజరాత్‌లోని కపడ్వంజ్. గాజుని పెద్ద బుడగలా పల్చగా ఊది, లోపల వెండిపూత పూసి, పగలగొట్టి ముక్కలు చేస్తారు. బుడగ ముక్క కాబట్టి కొంచెం వంపు ఉంటుంది, అందుకే బట్ట మీద కుట్టినప్పుడు వెలుగు అన్ని వైపులకీ చిమ్ముతుంది. కచ్ నించి మన లంబాడా తండాల దాకా ఆడవాళ్ళు ఫేటియా, కాంచళీల మీద కుట్టుకున్న అద్దాలకి ఆ వంపులోనే అందం. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి చదునైన గాజు మీద మిషన్ కోతలు, లేదా ప్లాస్టిక్కు. కపడ్వంజ్ పద్ధతిలో కొలిమి దగ్గర ఊదేవాళ్ళు కారీగర్లు. ఆ ముక్కల్ని తడి కత్తెరలతో గుండ్రంగా కోసేవాళ్ళు స్త్రీలు. పాతబస్తీ లక్క గాజుల్లోనూ అదే వరస. లక్క కాచి కొలిమి దగ్గర గాజు చుట్టేది ఉస్తాద్, ఇంట్లో నగ్ ఎక్కించేది 'ఔరతా'. పనిలో నిప్పు దగ్గరగా ఉన్న భాగానికి బిరుదు, నీళ్ళ గిన్నె దగ్గరగా ఉన్న భాగానికి బుజ్జగింపు!

ఇక్కడ నాకొక అభ్యంతరం ఎదురవుతుందని తెలుసు, ఎన్నోసార్లు ఎదురైంది కూడా. "వాళ్ళల్లో ఆడవాళ్ళని బయటికి పంపరు కదా, ఇంట్లో కూర్చుని ఏదో నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు, మంచిదేగా" అని. ఈ మాట అనేవాళ్ళు మతతత్వవాదులు కారు, మనవాళ్ళే, ప్రగతిశీలురే. మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. గోదావరి ఒడ్డున, క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లికని ఎగుమతి వ్యాపారంగా మార్చినవాళ్ళు అక్కడి స్త్రీలకి చెప్పింది సరిగ్గా ఇదే. మీరు గృహిణులు, ఇది తీరిక వేళ కాలక్షేపం అని. రోజుకి ఆరేడు గంటలు కూర్చునే కాలక్షేపం! అక్కడి కాపు స్త్రీలు ఘోషా ఉన్నవాళ్ళమని, కూలికెళ్ళే మాల మాదిగ స్త్రీలకంటే గౌరవంగా బతుకుతున్నామని అనుకునేవారు. ఆ గౌరవమే వాళ్ళ కూలీని కిందికి లాగిందని మీస్ చూపించింది. నరసాపురంలో బురఖాలు లేవు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఇళ్ళల్లో బీడీలు చుట్టే లక్షలాది స్త్రీలలో అత్యధికులకి బురఖా లేదు. ఇంటిపని కూలీని పుట్టించింది మతం కాదు. కార్ఖానాకి గది అద్దె, కరెంటు బిల్లు, మరుగుదొడ్డి, ప్రమాదం జరిగితే పూచీ, ఇవన్నీ మిగుల్చుకోవాలనుకున్నవాడు పుట్టించాడు. వాడు ఏ మతంలోనైనా ఘోషాని కనిపెట్టగలడు.

ఇంట్లో పని కదా, సురక్షితం కదా అంటారు. 2014 మే 14న కిషన్‌బాగ్‌లో ఘర్షణలు జరిగి, కాల్పుల్లో ముగ్గురు చనిపోయి, కర్ఫ్యూ పెట్టారు. నేనప్పుడక్కడ లేను, ఆపా చెప్పింది. ఆవిడకి బాగా గుర్తున్నది భయం కాదు, రాని మాల్. గల్లీలోకి సరుకు తెచ్చేవాడు రాలేదు, చేసి ఉంచింది తీసుకెళ్ళేవాడు రాలేదు, చేసినదానికి డబ్బూ రాలేదు. ఉద్యోగులకి కర్ఫ్యూ సెలవు. ఇంట్లోనే పని ఉన్న మనిషికి ఇంట్లోంచి కదలొద్దన్న ఆజ్ఞ పస్తు.

చట్టం ఏం చేసిందంటారా? 1948 కనీస వేతనాల చట్టం, షెడ్యూలులో చేర్చిన పనుల మేరకే అయినా, సరుకు ఇంటికి తీసుకెళ్ళి తయారుచేసి ఇచ్చేవాళ్ళని కూడా 'ఉద్యోగి' అన్న నిర్వచనంలో చేర్చింది. బీడీ కార్మికులు పోరాడి 1966లో ప్రత్యేక చట్టం తెచ్చుకున్నారు. ఇంట్లో చుట్టేవాళ్ళకీ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం చేస్తే మన దేశం ఈనాటికీ దాన్ని ఆమోదించలేదు. ఇక 2019 వేతనాల కోడ్, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్, చూడండి. 'ఉద్యోగి' నిర్వచనంలో ఆ పాత మాట కనిపించదు. సామాజిక భద్రత కోడ్‌లో మాత్రం గృహాధారిత కార్మికులు అని ఒక నిర్వచనం ఉంది. అంటే పథకాల జాబితాలో మనిషి ఉంటుంది, కూలీ లెక్కలో ఉండదు. దీని మీద మన పత్రికల్లో ఎన్ని వ్యాసాలొచ్చాయి?

2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, నకిలీల మీద పోరాడటానికి వ్యాపారులకి ఒక ఆధారం దొరికింది. ఆ వార్త నేను ఆపాకి ఫోన్లో చదివి వినిపించాను. "గాజుకి పేరొచ్చిందా? రేటేమైనా పెరిగిందా?" అని అడిగింది. పెరగలేదు. ఊరికి గుర్తింపు కార్డు వచ్చింది, ఆపాకి రాలేదు. ఉన్న ఒక్క కార్డుతోనూ ఆవిడకి బాధే. అద్దం పట్టీపట్టీ బొటనవేలి గీతలు అరిగి, గాట్లు పడి, రేషను షాపులో మిషను ఆవిడ వేలిని గుర్తుపట్టదు. నాలుగు వేళ్ళూ మార్చి మార్చి పెట్టించి, "రేపు రామ్మా, చెయ్యి కడుక్కుని రా" అన్నాడు షాపతను. ఆవిడ చెయ్యి గంటకి ఇరవై సార్లు నీళ్ళలోనే ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి, అంటే ఈ పత్రికలో రాసేవాళ్ళ దగ్గరికి, చదివేవాళ్ళ దగ్గరికి వస్తాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం పూర్తిగా స్త్రీవాద కవిత్వంలో అద్దం ప్రతీక మీదే ఉంది. పురుషుణ్ణి ఉన్నదానికి రెట్టింపు చేసి చూపించే అద్దాలుగా స్త్రీలు పనికొచ్చారని వర్జీనియా వూల్ఫ్ 1929లో చేసిన వాదన దగ్గర మొదలుపెట్టి, మన కవయిత్రుల దాకా వచ్చాను. అద్దంలో తనని తాను మొదటిసారి చూసుకునే స్త్రీ, అద్దం పగలగొట్టే స్త్రీ, పగిలిన ముక్కల్లో అస్తిత్వాన్ని వెతుక్కునే స్త్రీ. అరవై పేజీలు. వైవాలో ప్రశంసించారు. ఆ అరవై పేజీల్లో ఒక్కచోట కూడా అద్దాన్ని ఎవరు కోశారన్న ప్రశ్న లేదు. పగిలిన అద్దం నాకు విముక్తికి ప్రతీక అయితే కింది వాటాలో అది కూలీలో కోత. ఆ కవిత్వం తప్పని నేననటం లేదు. ఆ కవితలే లేకపోతే నాలాంటిది ఇల్లు దాటి కిషన్‌బాగ్‌లో ఒంటరిగా గది తీసుకునేదే కాదు. కానీ ప్రతీకగా మారిన వస్తువు మీద వేలిముద్రలు చెరిగిపోతాయి. వాటిని మళ్ళీ కనిపించేలా చేయటం విమర్శకురాలి పని, నేను చేయలేదు.

మనం చేసే మరో పని నాకు ఇంకా కష్టంగా ఉంటుంది. మార్చి 8కి ఎగ్జిబిషన్‌లో అద్దాల జాకెట్టు కొనుక్కుని, బేరమాడి కొనుక్కుని, 'అంతరించిపోతున్న కళ' అని బాధపడతాం. ఆపా బాధపడదు. ఆవిడకి తన పని మీద గర్వం లేదా అంటే, బోలెడుంది. పండక్కి కొన్న గాజుల జతని చూసి, "ఇది కొత్త చెయ్యి, తొందరపడింది" అని చెప్పగలదు. తన కన్నీటిచుక్కలకి అంచు దొరకదని గొప్పగా చెప్పుకుంటుంది. కానీ కూతుర్ని కత్తెర ముట్టనివ్వదు. నేనొకసారి, అమ్మాయికి నేర్పకపోతే ఈ విద్య పోతుంది కదా ఆపా అన్నాను, సెమినార్ గొంతుతో. "జానే దో" అంది. పోనీ. తర్వాత కొంచెం ఆగి, పైసలిచ్చేట్టయితే నీకే నేర్పుతా, నువ్వు కూర్చో, అంది. కళని బతికించే బాధ్యత కళ్ళు పోగొట్టుకుంటున్న మనిషి మీద పెట్టి, కొనే మనం ఆమెని చూసి జాలిపడటం ఏ రకం స్త్రీవాదం? రేటు ఇస్తే బతికే కళని రేటు ఇవ్వకుండా చంపుతూ, సంతాపసభలు మాత్రం మనమే పెడుతున్నాం.

పోయిన జూన్‌లో ఆపా కూతురు ఇంటర్లో చేరటానికి ఫారం తెచ్చుకుంది. ఇల్లు మారినా నేను వెళుతూనే ఉంటాను. ఇంగ్లీషులో ఉంది, చూసిపెట్టమంది. 'తల్లి వృత్తి' అన్నచోట తనే హౌస్‌వైఫ్ అని రాసేసింది, పెన్నుతో. నాకు ఒళ్ళు మండింది. అది కొట్టేసి, అద్దం కోసే కార్మికురాలు అని రాయమన్నాను. ఈ వ్యాసంలో ఉన్నదంతా దాదాపుగా ఆ పిల్లకి అప్పుడే చెప్పేశాననుకోండి. పదహారేళ్ళ పిల్ల, శ్రద్ధగా వింది. విని, "బాజీ, అలా రాస్తే పక్క గడిలో అమ్మ ఆదాయం కూడా రాయాలి కదా" అంది. "ఎంతని రాయను? చిట్టీ ఎవరిస్తారు? స్కాలర్‌షిప్ ఆగిపోతే?"

సేట్‌ని అడుగుదామన్నాను. ఆపా నీళ్ళ గిన్నె పక్కకి జరిపి, సేట్ అలాంటి కాగితం రాసిస్తే మరుసటిరోజు నించి మాల్ ఇవ్వడని చెప్పింది, చాలా మామూలుగా.

ఫారం అలాగే ఇచ్చేసింది ఆ పిల్ల.